ఒక్క రింగు

ఆ గాలి కాలం మూడు నెలల్లో నేను మంచం మీద గడిపిన గంటలకన్నా స్తంభం మీద గడిపిన గంటలే ఎక్కువేమో.

మా శిబిరం బోడికొండల నడుమ ఉండేది. ముప్ఫై ఎనిమిది మందిమి. తక్కినవాళ్లు దారి కాసేవాళ్లు, నేను తీగలు కాసేవాణ్ణి. ఇనుప స్తంభం మీద బిగించిన డిష్‌ను మేం గొడుగు అనేవాళ్లం. అది ఆకాశంలో ఒకే చోటు వైపు చూస్తూ ఉండాలి. రెండు వేళ్ల మందాన పక్కకు తిరిగినా ముప్ఫై ఎనిమిది మందికీ ఇంటితో మాట పోతుంది. మధ్యాహ్నం రెండింటికి గాలి లేచేది. ముందు దుమ్ము, దాని వెనక సన్న ఇసుక. బోల్టులు ఎంత బిగించినా గొడుగు అలిగినట్టు మెడ తిప్పేసుకునేది. నడుముకు తాడు కట్టుకుని ఎక్కేవాణ్ణి. కింద నుంచి ఎవడో ఒకడు అరిచేవాడు.

"వచ్చిందా?"

"ఇక్కడ నాకేం కనిపిస్తుందిరా, లోపలికెళ్లి చూసి నువ్వే చెప్పు!"

రోజూ ఇదే పాట.

గొడుగు కింద రేకు గది. అందులో నా బల్ల, బ్యాటరీలు, గోడకు ఫోన్లు ఛార్జింగు పెట్టుకునే పలక, ప్లైవుడ్ అడ్డం పెట్టి కట్టిన నాలుగు అరలు. ఒక్కసారికి నలుగురు, మనిషికి పన్నెండు నిమిషాలు, రోజు విడిచి రోజు. ఎవరి ఫోన్ లైన్లో ఉన్నా నా తెర మీద పేరు కనిపించేది. ఆ పేర్లు నేను పెట్టినవే. గురక, పెద్దాయన, రెండో ప్లేటు, బావ.

ప్లైవుడ్ గోడకు చెవులు లేకపోవచ్చు గానీ నాకున్నాయి. వినకూడదనుకుంటూనే అన్నీ వినేవాణ్ణి. ఎవరి తల్లికి మోకాళ్ల నొప్పులు, ఎవరి భార్య రెండేసి ముక్కల్లో జవాబిస్తోంది, ఎవరు నవ్వుతూ మాట్లాడి ఫోన్ పెట్టేశాక అరలోంచి వెంటనే బయటికి రారు. రెండో నెలకు నాకో సంగతి తెలిసింది. అలసట ముందు కాళ్లకు రాదు, చెవులకు వస్తుంది. నా వంతు వచ్చి నా భార్య మాట్లాడుతున్నప్పుడు కూడా ఈవిడ ఎవరి భార్యో అన్నట్టు వింటూ కూర్చునేవాణ్ణి.

"వింటున్నారా?" అనేది.

"వింటున్నా."

"ఏం చెప్పాను?"

చెప్పలేకపోయేవాణ్ణి. ఆమె కోప్పడేది కాదు. కుట్టుమిషను మళ్లీ మొదలయ్యేది. నాతో మాట్లాడుతూనే చుట్టుపక్కల ఇళ్ల బట్టలు కుట్టేది.

నీళ్ల ట్యాంకరు నడిపే అతను మా అందరికీ బావ. అతనికి మేమంతా బావమరుదులం, అతని భార్య మా ఆడవాళ్లకు వదిన. "మీ అక్కల్ని చేసుకోకుండానే మీకు నీళ్లు మోస్తున్నాను చూడండ్రా, ఏ జన్మ రుణమో" అనేవాడు. లైను నెమ్మదిగా ఉన్న రోజు వచ్చి నా కుర్చీ వీపు పట్టుకుని ముందుకు తోసేవాడు. "పేరే నెట్టు కదా బావమరిదీ. వెనక నుంచి నెట్టకపోతే ఎలా కదులుతుంది?"

అతని పన్నెండు నిమిషాలూ కూతురికి ఎక్కాలు చెప్పడానికే సరిపోయేవి. ఆ రోజు పదిహేడో ఎక్కం నడుస్తోంది.

"పదిహేడు ఆర్లు?"

"నూట రెండు" అంది పాప.

"కాదమ్మా. నూట పన్నెండు."

"మా టీచరు నూట రెండే అన్నారు నాన్నా."

"మీ టీచరుకి ఎండదెబ్బ తగిలుంటుంది. మళ్లీ చెప్పు."

పాప ఒప్పుకోలేదు. టైము అయిపోయింది. లైను తీసేశాను. బావ అరలోంచి వేళ్లు లెక్కపెట్టుకుంటూ బయటికొచ్చాడు. "ఒరేయ్, నూట రెండే. ఒక్క నిమిషం ఇవ్వు, ఒప్పేసుకుంటాను."

"నీ వెనక నలుగురున్నారు బావా."

"నిమిషం కూడా ఇవ్వని బావమరిది ఎక్కడైనా ఉంటాడా? సర్లే, ఎల్లుండి ఒప్పుకుంటాను. అప్పటిదాకా అది నాకంటే తెలివైందని అనుకోనీ." ఫోన్ పలక మీద ఛార్జింగుకు పెట్టి వెళ్లిపోయాడు.

ఇక్కడ మూత సంగతి చెప్పాలి. మాలో ఎవరైనా పోయినా, ప్రాణం మీదికి వచ్చినా కెప్టెన్ నా గదికొచ్చి "మూత వెయ్యి" అంటాడు. నేను లైను ఆపేస్తాను. ఒక అధికారి ఆ మనిషి ఇంటికి వెళ్లి, ఎదురుగా నిలబడి, నోటితో చెప్పేదాకా శిబిరం నుంచి ఒక్క మాట బయటికి పోకూడదు. భార్యకు భర్త కబురు పక్కింటి ఫోన్లో తెలియకూడదన్నది ఆ నియమం. మంచి నియమమే. కానీ మాలో పెళ్లయినవాళ్ల కుటుంబాలన్నీ ఉండేది ఒకే క్వార్టర్లలో. మూత గురించి అక్కడ అందరికీ తెలుసు. అందుకని గాలికి గొడుగు తిరిగి లైను పోయినా ఆ ఇళ్లలో పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. గాలో, మూతో ఎవరికి తెలుస్తుంది? నేను స్తంభం మీద ఒక బోల్టు వెతుక్కుంటున్న ఆ ఇరవై నిమిషాలూ అక్కడ పదకొండు మంది ఆడవాళ్లు కిటికీల దగ్గర జీపు చప్పుడు కోసం చెవులు పెట్టుకుని ఉండేవాళ్లు. అది తెలిశాక నాకు నిద్రలో కూడా గాలి వినిపించేది.

ఒకరోజు మిషను చప్పుడు లేకుండా మాట్లాడింది నా భార్య.

"ఒకటడుగుతా, కాదనకండి. మూత వేసేది మీరేగా?"

"నేనే."

"వేసేముందు నాకొక్క రింగు ఇచ్చి కట్ చెయ్యండి. నేను ఎత్తను కూడా ఎత్తను. మోగితే చాలు."

"అలా ఇవ్వకూడదు."

"నిన్న మిషను ఆపి కూర్చున్నాను. నాలుగు గంటలు. వీధిలో ఏ బండి ఆగినా గుమ్మంలోకి పరిగెత్తాను. చివరికది గాలి. రేపూ గాలే కావచ్చు. నేనిలా ఉండలేనండీ."

"గాలి చెప్పి రాదుగా. అప్పుడు రింగెలా ఇస్తాను?"

"అదే అంటున్నా. రింగు రాకుండా లైను పోతే గాలి. రింగొస్తే మూత, కానీ మీరు బాగున్నారు. ఏదైనా నేను అన్నం తినగలను."

మూడోది ఒకటుంది. రింగు ఇవ్వాల్సిన మనిషే లేకపోవడం. ఆ మాట ఆమె అనలేదు, నేనూ అనలేదు.

"సరే" అన్నాను. అప్పుడే కాదనాల్సింది. ఒప్పుకోవడానికి ప్రేమే కారణమని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి అలసిపోయినవాడికి కాదనడం కన్నా సరే అనడం తేలిక.

బావ కూతురికి నూట పన్నెండు అని చెప్పిన మర్నాడు, పొద్దున్న పది గంటలకు కెప్టెన్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది.

"మూత వెయ్యి."

"ఎవరు సార్?"

"నీళ్ల బండి. తిరిగొచ్చే దారిలో పేలింది."

నాలుగు అరల్లోనూ మనుషులున్నారు. ఒకడు నవ్వుతున్నాడు. తెర మీద అయిదు పేర్లున్నాయి. అయిదోది 'బావ'. అతని ఫోన్ గోడ పలక మీదే ఉంది, ఛార్జింగు నిండి, పచ్చ దీపంతో.

కెప్టెన్ వెనక్కి తిరిగాడు. నా కుడి చెయ్యి స్విచ్చు మీదికి వెళ్లింది. ఎడమ చెయ్యి జేబులోకి వెళ్లింది. నేను పంపించానని అనలేను, పంపలేదని అంతకన్నా అనలేను. అవతల ఒక్కసారి మోగింది. కట్ చేశాను. స్విచ్చు కిందికి నొక్కాను. అరల్లో మాటలు సగంలో ఆగిపోయాయి. నవ్వుతున్నవాడు, "హలో? హలో? ఒరేయ్, గాలీ లేదు ఏమీ లేదు, ఏం చేశావురా?" అంటూ బయటికొచ్చి నా మొహం చూసి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి మూత తీయమన్నారు. తీయగానే గోడ మీది ఫోన్లన్నీ ఒక్కసారి గొణిగినట్టయ్యాయి. బావ ఫోన్లో పాప పంపిన కబుర్లు మూడు వచ్చి పడ్డాయి, మూడూ ముందురోజువి. తెర వెలిగి ఆరిపోయింది. నేను దాన్ని బోర్లా తిప్పి పెట్టాను.

నా వంతులో ఇంటికి చేశాను. ఎత్తింది.

"తెలిసిందా?" అన్నాను.

"నిన్న పదింటికే తెలిసింది."

"అదెలా?"

"వదిన మనింట్లోనే ఉంది. పాప స్కూలు గౌను అంచు కుట్టించుకుందామని తెచ్చింది. నేను మడత పెడుతున్నా, ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఫోన్ ఒక్కసారి మోగింది. నేను హమ్మయ్య అన్నాను. పైకే అన్నానండీ. ఎవరమ్మాయ్, ఎత్తలేదేం అంది. ఆయనే వదినా, బాగున్నారట అన్నాను. మోగి ఆగిపోయింది కదా, బాగున్నట్టు నీకెలా తెలుసు అంది. నాకు అబద్ధం రాదని మీకు తెలుసుగా."

"చెప్పావా?"

"సగమే చెప్పాను. మిగతాది ఆవిడే అర్థం చేసుకుంది. తన ఫోన్ తీసి చేసి చూసింది. లైను లేదు. అయితే ఇది గాలి కాదన్నమాట అంది. సూది గౌనుకే గుచ్చి లేచి వెళ్లిపోయింది."

"అంతమందిలో అది బావే అని..."

"ఎవరో ఒకరని తెలిసింది కదా. గాలి కావచ్చనుకునే వీలు లేకుండా చేశాం. తక్కిన తొమ్మిదిమందీ రాత్రంతా గాలేమో అనుకుంటూ కూర్చున్నారు. ఆవిడొక్కతే గుమ్మం దగ్గర కూర్చుంది. తెల్లారగానే పాపకు తల దువ్వి, తనూ దువ్వుకుని, జడ వేసుకుని, నిలబడింది. జీపు ఏ గుమ్మం ముందు ఆగినా లోపలికి పిలవడానికి సిద్ధంగా ఉండాలి కదా అందట. ఆవిడ గుమ్మం ముందే ఆగింది. వాళ్లు నోరు తెరవకముందే లోపలికి రండి అంది."

పన్నెండు నిమిషాల్లో ఇంకా ఏడు మిగిలే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాను. చివర్లో ఆమే అంది.

"ఇక ఆ రింగు ఇవ్వకండి. నేనూ అందరితోపాటే ఉంటాను."

రెండు రోజుల తర్వాత కెప్టెన్ నన్ను పిలిచాడు. అతనూ నిద్రపోయినట్టు లేడు. కళ్ల కింద దుమ్ము అలాగే ఉంది.

"వెళ్లిన అధికారి రాశాడు. ఆవిడకు ముందే తెలుసట. మూత పడేముందు ఇక్కడి నుంచి ఏదో వెళ్లింది. నీ దగ్గర లెక్కలుంటాయిగా, చూసి ఎవరో చెప్పు."

దొంగనే దొంగను వెతకమన్నట్టయింది. ఆ వేళ అరల్లో నలుగురు మాట్లాడుతూ ఉన్నారు. ఎవరి పేరు చెప్పినా సరిపోయేది. నాకు చూడాల్సిన పని లేదు.

"నేనే సార్. మా ఆవిడకు ఒక్క రింగు."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నిన్ను పంపించేస్తే ఆ గొడుగు పట్టుకునేవాడు లేడు" అన్నాడు. "ఇకమీదట నీ ఫోన్ నా చేతికిచ్చాకే మూత. తీశాక ముప్ఫై ఆరుగురూ మాట్లాడుకున్నాక, చివర నువ్వు."

ముప్ఫై ఆరు అన్నాడు. బావను తీసేసి, నన్ను పక్కన పెట్టి.

బావ సామాను సర్దడం నాకే అప్పజెప్పాడు. అది శిక్షో, నమ్మకమో అడగలేదు. నాలుగు చొక్కాలు, చెప్పులు, గడ్డం గీసుకునే పెట్టె, ఫోను. నా బల్ల మీది కాగితం చింపి 'పదిహేడు ఆర్లు నూట రెండే. నాన్న ఒప్పుకున్నాడు' అని రాసి ఫోను కింద పెట్టాను. కెప్టెన్ మూట తనిఖీ చేస్తూ ఆ చీటీ చదివాడు.

"ఏంటిది?"

"పాపకు అందాల్సింది సార్. ఒక్క నిమిషం నేనివ్వలేదు."

మడిచి ఉన్న చోటే పెట్టేశాడు.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో నాకు ముక్కలుగానే గుర్తు. ఎక్కడం, దిగడం, బోల్టులు, బ్యాటరీల్లో నీళ్లు. కొత్త డ్రైవరు వచ్చాడు. పెళ్లి కాలేదు, తల్లి ఒక్కతే ఎక్కడో దూరాన. ఎవర్నీ ఏ వరసా పెట్టి పిలిచేవాడు కాదు. నా తెర మీద అతనికి పేరు పెట్టడానికి పది రోజులు పట్టింది. చివరికి 'నీళ్లు' అని పెట్టాను.

నా భార్య నాతో మాట్లాడుతూనే ఉండేది. కానీ మాటల్లో ఒక జాగ్రత్త వచ్చింది. చాలాకాలం తర్వాత కలిసిన బంధువులు మాట్లాడుకున్నట్టు. పాప గౌను అంచు కుట్టేసిందట. తీసుకెళ్లి ఇవ్వడానికి కాళ్లు రాక మూడు రోజులు మిషను మీదే ఉంచిందట. చివరికి వదినే వచ్చి తీసుకుని, "అంచు బాగా కుట్టావమ్మాయ్" అందట. స్కూలు సంవత్సరం ముగిసేదాకా వాళ్లను క్వార్టర్లో ఉండనిచ్చారు.

మూత తీశాక నా ఫోన్ చివర మోగుతుందన్న సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది. కెప్టెన్ ముందు తల దించుకున్నది చెప్పాలి. ఇంకెప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను. ఇంకెప్పుడైనా అనేది నా బుర్రలో ఒక గదిలా తయారయింది. అలసట వల్ల చేయలేనివన్నీ అందులో పడేసేవాణ్ణి.

మూడో నెల చివరికి గాలి తగ్గింది. పన్నెండు రోజులు గొడుగు కదల్లేదు. స్తంభం ఎక్కే పని లేక నా అరచేతుల్లో పొక్కులు మానాయి. అందరూ సంబరపడ్డారు. నేనూ సంబరపడ్డాను. గాలి లేకపోతే లైను పోవడానికి ఇక ఒకే కారణం మిగులుతుందని ఎవరికీ తట్టలేదు.

పదమూడో రోజు కెప్టెన్ వచ్చాడు. చెయ్యి చాచాడు. నా ఫోన్ అందులో పెట్టాను.

"కొత్త డ్రైవరు. కాలు. బతుకుతాడంటున్నారు, రేపటిదాకా ఏమీ చెప్పలేరట."

మూత వేశాను. నా ఎడమ చెయ్యి బల్ల మీద ఖాళీగా పడి ఉంది. దాని వైపు చూస్తూ కూర్చున్నాను.

అతని తల్లి ఊరు చేరడానికే అధికారికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. ముప్ఫై ఒక్క గంటలు. బయట ఆకు కూడా కదల్లేదు. రేకు గది మీద ఎండ మాత్రం ఉంది. అంత నిశ్శబ్దాన్ని నేను అంతకుముందు వినలేదు. గాలి తగ్గిందని పన్నెండు రోజులుగా ఫోన్లో క్వార్టర్లకు చెప్పింది మేమేనని, గాలేమో అనుకునే వీలు ఈసారి పదకొండు మందిలో ఎవరికీ లేదని నాకు తెలుసు.

మర్నాడు సాయంత్రం అయిదింటికి తీశాను. వరుస గుమ్మం దాటి బయటికి పోయింది. మనిషికి మూడు నిమిషాలని కెప్టెన్ అన్నాడు. పెళ్లయినవాళ్లు ముందు, తక్కినవాళ్లు తర్వాత. నలుగురు నలుగురుగా లోపలికి వచ్చారు. అన్ని అరల్లోంచీ ఒకటే మాట. "నేనే. నేనేనే. బాగున్నా." ఏడ్చేవాళ్లు ఏడ్చారు. ఒకడు నవ్వు ఆపుకోలేకపోయాడు. పెళ్లయినవాళ్లు పది నిమిషాల్లోపే అయిపోయారు. తర్వాత తల్లులు, తండ్రులు, అక్కలు. నేను గడియారం చూస్తూ పేర్లు పిలుస్తూ ఉన్నాను. చివరివాడు వెళ్లేసరికి ఇరవై ఎనిమిది నిమిషాలైంది. కెప్టెన్ నా ఫోన్ బల్ల మీద పెట్టి బయటికి వెళ్లాడు.

మొదటి అరలోకి వెళ్లి కూర్చుని చేశాను. ఒక రింగు. రెండు. మూడు. నాలుగోదానికి ఎత్తారు.

"ఎవరూ?"

నా భార్య గొంతు కాదు.

"నేనే."

అవతల చాలామంది ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు. వదిన ఫోన్ పక్కకు పెట్టి, "అమ్మాయ్, ఆయనే. ఇదిగో, మాట్లాడు" అంది. ఆ గొంతులో ఏ మార్పూ లేదు. సూది అందించినట్టు అందించింది.

నా భార్య ఫోన్ తీసుకుంది.

"అందరూ ఇక్కడే కూర్చున్నాం" అంది. "మనింట్లో. ఎవరూ ఒంటరిగా ఉండొద్దని వదినే అందర్నీ పిలుచుకొచ్చింది. ఫోన్లన్నీ మిషను బల్ల మీద పెట్టుకున్నాం. ఒక్కొక్కటే మోగింది. తొమ్మిది మోగాయి. మీది మోగలేదు."

"నాది చివర పెట్టారు."

"చెప్పలేదు మీరు."

"చెప్పలేదు."

ఎందుకని అడగలేదు. నేను దాచుకున్న కారణాలన్నీ నా దగ్గరే మిగిలాయి.

"ఇరవై నిమిషాలు" అంది. "మోగినవాళ్లు కూడా లేచి ఇళ్లకు పోలేదండీ. నా వైపు చూడకుండా కూర్చున్నారు. వదిన లేచి లోపలికెళ్లి దువ్వెన తెచ్చింది. నా వెనక కూర్చుని జడ విప్పింది. చిక్కులు తీసి, దువ్వి, మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. సగం అల్లింది. అప్పుడు మోగింది."

నేను ఏదో అనబోయాను.

"ఉండండి" అంది. "తల కదపొద్దంటోంది. మిగతాది అల్లుతోంది."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏమీ లేదు. నా మూడు నిమిషాలు అయిపోయాయి. నేను పెట్టేయలేదు. నా వెనక వరుసలో ఎవరూ లేరు.